గుండె తలుపు విప్పించుకుని వచ్చిన సంగతి

నాకు ఊపిరి చాలడం లేదని మొదట కనిపెట్టింది నేను కాదు, మా అత్త తిమ్మక్క. అది యాభై నాలుగో సంవత్సరం, శ్రావణమాసం. నాకు ఐదో నెల. మా ఇల్లు ఎమ్మిగనూరులో మగ్గాలున్న వీధిలో ఉంది. మా ఇంటాయన గుంట మగ్గం మీద చీరలు నేసేవాడు. ఆయన పేరు ఈరన్న. కాగితం మీద రాయాలన్నా చేయి వెనకాడుతుంది గానీ పేరు లేకపోతే ఈ సంగతి చెప్పడం కుదరదు. నేను మగ్గం పక్కన కూచుని రాట్నం మీద నూలు కండెలు చుట్టి ఇచ్చేదాన్ని. ఒకరోజు అత్త వంటింటి గడపలో నిలబడి చాలాసేపు నన్నే చూసింది. ఒక కండె అయ్యాక ఇంకో కండె ఎత్తుకునే ముందు అంతసేపు ఎందుకు ఆగుతున్నావని అడిగింది. ఆగుతున్నట్టు నాకే తెలియదు.

ఆమెకు నాలుగు కాన్పులు. ఏ కాన్పులోనూ కూచున్నచోట ఆయాసం రాలేదని చెప్పింది. ఆ రోజు నుంచి బావికి నన్ను పోనివ్వలేదు. మిరియాల కషాయం కాచింది. ఆదోని దర్గా నుంచి తాయెత్తు తెచ్చి కట్టింది. దేవుడైనా దర్గా అయినా ఆమెకు తేడా లేదు, పని జరగాలి. కానీ వారం వారానికీ నా ఊపిరి కుంచించుకుపోతూనే ఉంది. వెల్లకిలా పడుకుంటే ఎవరో ఎదమీద కూచున్నట్టుండేది. గోడకు ఆనుకుని కూచునే కునుకు తీసేదాన్ని. కడుపుతో ఉన్నవాళ్ళందరికీ ఇలాగే ఉంటుందని నాకు నేనే చెప్పుకున్నాను. భయపడ్డవాళ్ళు ఎంత బాగా సర్ది చెప్పుకుంటారో అప్పుడు తెలిసింది.

దసరా వెళ్ళిన వారానికి దగ్గు వచ్చి, నోటికి అడ్డం పెట్టుకున్న తువ్వాలు మీద ఎర్రటి నురగ పడింది. మా ఇంటాయన అది చూసి మగ్గం గుంటలోంచి లేచాడు. అంచు దగ్గర సగం నేసిన పువ్వు అట్లాగే ఆగిపోయింది. ఆ పూటే బస్సులో ఆదోనికి తీసుకుపోయాడు.

ఆదోని ఆసుపత్రిలో ఉన్న డాక్టరమ్మది బెజవాడ వైపు. మాటల్లో మెత్తదనం లేకపోయినా చేతుల్లో ఉండేది. మూడు దిండ్లు వేసి నన్ను ఆనించి కూచోబెట్టి, బిడ్డ పుట్టేదాకా మంచం దిగవద్దని చెప్పింది. కార్తీకంలో ఆడబిడ్డ పుట్టింది. రెండు అరచేతుల్లో ఇమిడిపోయేటంత ఉంది. ఏడుపు మాత్రం వార్డంతా వినపడింది. జయ అని పేరు పెట్టుకున్నాం.

మూడోరోజు డాక్టరమ్మ చెవులకు గొట్టాలు పెట్టుకుని నా గుండెను ఎంతసేపు విన్నదో చెప్పలేను. మంచం చుట్టూ మా ఇంటాయన, అత్త, మా అన్న నరసప్ప నిలబడి ఉన్నారు. అన్న గురించి చెప్పాలి. మాది కైరుప్పల. అమ్మానాన్నలు పోయాక నన్ను సంకనేసుకుని ఆదోనికి వచ్చి, పత్తి మిల్లులో బేళ్ళు మోసి నన్ను ఎనిమిదో తరగతి దాకా చదివించి పెళ్ళి చేసింది ఆయనే. నేను ఆసుపత్రిలో చేరినప్పటి నుంచీ రోజూ మిల్లు వదలగానే బొరుగుల ఉగ్గాని పొట్లం పట్టుకుని వచ్చేవాడు.

చిన్నప్పుడు కీళ్ళు వాచి జ్వరం ఏమైనా వచ్చిందా అని డాక్టరమ్మ అడిగింది. పన్నెండేళ్ళప్పుడు వచ్చిందని, మోకాళ్ళూ మోచేతులూ ముట్టుకోనివ్వకుండా నలభై రోజులు పడి ఉన్నానని చెప్పాను. ఆ జ్వరమే గుండెను పట్టిందని ఆమె అన్నది. గుండెలో తలుపుల్లాంటివి ఉంటాయనీ, నాకు ఒక తలుపు రెక్కలు అతుక్కుపోయి సరిగా తెరుచుకోవడం లేదనీ, రెండు చేతులూ దగ్గరికి పెట్టి సందు చూపించి మరీ చెప్పింది. అప్పట్లో ఎవరూ మీకు చెప్పలేదా అని అడిగింది.

నేను లేదన్నాను. అన్న మాత్రం నేల చూస్తున్నాడు.

"సెప్పినారు," అన్నాడు. "గుండెకు తగిలింది, పెండ్లప్పుడు ఆలోచన సేసుకోండని ఆ పొద్దే సెప్పినారు. నేనే ఎవరికీ సెప్పలేదు. మా చెల్లికి కూడా సెప్పలేదు."

మా ఇంటాయన గట్టిగా మాట్లాడే మనిషి కాదు. ఆ రోజు కూడా గొంతు పెంచలేదు. "ముందే సెప్పింటే నేను వద్దంటాంటినా బావా?" అని ఒక్క మాట అడిగాడు.

"నువ్వు అనకపోవచ్చు ఈరన్నా. ఊరంతా నీ మాదిరి ఉండదు గదా," అన్నాడు అన్న.

మా ఇంటాయన బయటికి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత ఏడాదికి పైగా ఆయన మా అన్నతో మాట్లాడలేదు. అన్న కూడా మా ఇంటి గడప తొక్కలేదు. ఎమ్మిగనూరుకు తిరిగి వచ్చేటప్పుడు బస్సులో అత్త బిడ్డను ఒళ్ళో పెట్టుకుని, కిటికీలోంచి చేలవైపు చూస్తూ అన్నది: "దాచినోడు దాచినాడు. బిడ్డ మనది." బిడ్డ అన్నది ఒళ్ళో ఉన్న జయనో నన్నో నేను అడగలేదు.

నాకు మాత్రం కోపం అప్పుడే రాలేదు. అది రావడానికి ఆరు నెలలు పట్టింది. వచ్చాక పోలేదు.

యాభై ఐదో సంవత్సరమంతా నేను ఇంట్లో వస్తువులా ఉన్నాను. మాత్రలు మింగడం, కూచోవడం, గోడకు ఆనుకోవడం. ఉప్పు తినకూడదన్నారు. ఉప్పు లేని సంగటి ముద్ద గొంతు దిగదని ఏడిస్తే అత్త తానూ ఉప్పు లేకుండానే తింటానని మొదలుపెట్టింది. ఐదోరోజుకు, "నా వల్ల కాదు తల్లీ, నువ్వు శానా గట్టిదానివి," అని ఊరగాయ జాడీ దించింది. ఇద్దరం చాలాసేపు నవ్వాం. నవ్వితే నాకు దగ్గు వచ్చేది, దగ్గు వస్తే ఆమె మొహం మారిపోయేది. అందుకని ఆ ఏడాది మా ఇంట్లో నవ్వులు కూడా జాగ్రత్తగానే నవ్వాం.

బిడ్డను ఎత్తుకోవద్దన్నది అన్నిటికన్నా కష్టం. పాలకు మాత్రం తెచ్చి ఒళ్ళో పెట్టేవారు, తాగగానే తీసుకుపోయేవారు. జయ అత్త పక్కన పడుకుంది, అత్త చేతిలో మొదటి ముద్ద తిన్నది, అత్త కొంగు పట్టుకుని నిలబడింది. నాకు కుళ్ళుగా ఉండేది. నా బిడ్డను బతికిస్తున్న మనిషి మీదే కుళ్ళు. ఇలాంటివి రాయకూడదేమో గానీ, జబ్బుపడ్డవాళ్ళకు వస్తాయి. వస్తే మీరొక్కరే చెడ్డవాళ్ళని అనుకోవద్దు.

ఆ వేసవిలో సి.బెళగల్ నుంచి అత్త తరఫు చుట్టం ఒకామె వచ్చింది. అన్నం తిన్నాక, వాడికి ఇంకొక పిల్లను చూస్తే ఇంట్లో పని సాగుతుంది కదా అని మెల్లగా మాట తీసింది. నేను గోడకు ఇవతల ఉన్నాను. అత్త ఆమెకు ఇంకొక గ్లాసు మజ్జిగ పోసి, "నీ బస్సు ఎన్ని గంటలకుండాది?" అని అడిగింది. అంతే.

వానలు తగ్గాక నా కాళ్ళకు నీరు దిగడం మొదలైంది. మళ్ళీ ఆదోనికి వెళితే డాక్టరమ్మ ఇక ఆగకూడదన్నది. అరవదేశంలో ఒక మిషను ఆసుపత్రిలో గుండెకు ఆపరేషను చేస్తున్నారనీ, వాళ్ళకు తాను జాబు రాస్తాననీ చెప్పింది. గుండెను కోయడమంటే మా వీధిలో ఎవరూ వినలేదు. మా ఇంటాయన మూడు రోజులు మగ్గం ముట్టుకోలేదు. వద్దనీ అనలేడు, సరేననీ అనలేడు.

నాలుగోరోజు పొద్దున అత్త ఎవరికీ చెప్పకుండా బస్సెక్కి ఒక్కతే ఆదోనికి వెళ్ళింది. డాక్టరమ్మ ముందు కూచుని, ఈ పిల్ల మీ కూతురైతే పంపుతారా అని అడిగిందట. పంపుతాను, భయపడుతూ పంపుతాను అని డాక్టరమ్మ అన్నదట. సాయంత్రం ఇంటికి వచ్చి అత్త కాళ్ళు కడుక్కుంటూ అదంతా చెప్పింది.

"భయం లేదని సెప్పింటే నేను నమ్మేదాన్ని కాదు," అన్నది. "ఆమె అబద్ధం సెప్పలేదు. పంపిద్దాం."

జవాబు రావడానికి రెండు నెలలు పట్టింది. మాఘమాసంలో రమ్మన్నారు. జయను అత్త దగ్గర వదిలి నేనూ మా ఇంటాయనా ఆదోని స్టేషనుకు వచ్చాం. పొద్దున్నే. మద్రాసు బండి కోసం బెంచీ మీద కూచుని ఉంటే మా అన్న నరసప్ప చంకలో పరుపుచుట్టతో వచ్చి మా పక్కన నిలబడ్డాడు. చేతిలో టికెట్టు ఉంది. మేము బయలుదేరే రోజు డాక్టరమ్మ దగ్గర కనుక్కున్నాడట. నేను మా ఇంటాయన మొహం చూశాను. ఆయన పైకి చూడకుండానే బెంచీ మీద కొంచెం జరిగాడు. అన్న కూచున్నాడు. గుంతకల్లు దాటి రేణిగుంట దాకా ఇద్దరి మధ్యా నేను కూచున్నాను. ఇద్దరూ నాతో మాట్లాడారు. ఒకరితో ఒకరు మాట్లాడుకోలేదు. ఒకాయన మంచినీళ్ళు తెస్తే ఇంకొకాయన అరటిపళ్ళు తెచ్చేవాడు. ఆ ప్రయాణంలో తిన్నంత నేను పెళ్ళిలో కూడా తినలేదు.

ఆ ఆసుపత్రిలో మొదటి మూడు వారాలు నాకు గుర్తున్నదల్లా ఎదురుచూడటమే. పొడుగాటి వసారా, దాని పొడుగునా బెంచీలు, బెంచీల నిండా నాలాంటి పెదవులు నల్లబడ్డవాళ్ళు. ఎవరు పిలిచినా అరవంలో పిలిచేవారు. నా పేరు వాళ్ళ నోట్లో కొత్తగా వినిపించేది, రెండుసార్లు పిలిస్తే గానీ అది నేనేనని తెలిసేది కాదు. మగవాళ్ళు సత్రంలో ఉండి సాయంత్రం చూడటానికి వచ్చేవారు. వార్డులో తెలుగు మాట్లాడేది చిత్తూరు వైపు నుంచి వచ్చిన ఆయా మంగమ్మ ఒక్కతే. తన పని కాకపోయినా పెద్ద డాక్టరు నాతో మాట్లాడినప్పుడల్లా వచ్చి నిలబడి తెలుగులో చెప్పేది.

నా పక్క మంచం వళ్ళిది. పద్దెనిమిదేళ్ళుంటాయి, నల్లటి పిల్ల, పెద్ద జడ. ఆమెకూ చిన్నప్పటి జ్వరమే. నాకు అరవం రాదు, ఆమెకు తెలుగు రాదు. వేళ్ళతో, నవ్వులతో మాట్లాడుకున్నాం. ఆయాసం ఎప్పుడు వస్తుందో ఇద్దరికీ తెలుసు కాబట్టి ఒకరు దగ్గితే ఇంకొకరు దిండు సర్దేవాళ్ళం.

పెద్ద డాక్టరు ఒకరోజు నా మంచం మీద కూచుని అసలు సంగతి చెప్పాడు. అతుక్కున్న తలుపును గుండె కొట్టుకుంటూ ఉండగానే వేలు పెట్టి విప్పగలరట. కానీ కొందరికి తలుపు సరిగా మూసుకోక నెత్తురు వెనక్కి కారుతుంది. కారే తలుపును బాగుచేయడం ఇంకా తమ చేతుల్లో లేదన్నాడు. నాకు రెండూ ఉన్నట్టున్నాయి, ఏది ఎక్కువో చూడాలన్నాడు. వళ్ళికీ అంతే. అప్పటి నుంచి మేమిద్దరం రోజూ ఎక్స్‌రేలకూ, తీగలు తగిలించి గుండె గీతలు తీసే గదికీ పోయి వస్తూ, అతుక్కున్నదే కావాలని మొక్కుకున్నాం. జబ్బులో కూడా మంచి జబ్బు కావాలని మొక్కుకోవలసి వస్తుందని అంతకు ముందు నాకు తెలియదు.

ఒక మంగళవారం ఇద్దరికీ ఒకేసారి చెప్పారు. నాది అతుక్కున్నది, కారడం కొంచెమే. వళ్ళిది కారేది.

నాకు సంతోషం వచ్చింది. పక్క మంచం వైపు చూడలేకపోయాను. అరగంట దాకా గోడవైపు తిరిగి పడుకున్నాను. భుజం మీద చెయ్యి పడితే తిరిగి చూశాను, వళ్ళి. మంగమ్మను పిలిచి ఏదో చెప్పి నవ్వింది. తలుపు మూసే విద్య వీళ్ళు నేర్చుకున్నాక తనకు కార్డు రాస్తారట, అప్పటిదాకా ఊళ్ళో మేకల్ని చూసుకుంటూ కూచుంటుందట అని మంగమ్మ తెలుగులో చెప్పింది. మంగమ్మ నవ్వలేదు.

ఆపరేషనుకు ముందు చుట్టాలు నెత్తురు ఇవ్వాలన్నారు. ఈ భాగం నేను చూడలేదు. మా ఇంటాయన ఒకలా చెప్పాడు, అన్న ఒకలా చెప్పాడు, రెండూ కలిపి రాస్తున్నాను. అన్న ముందు రోజు నుంచే, ఉగాది తర్వాత మా కైరుప్పలలో పిడకలతో కొట్టుకునే పండగలో ప్రతి ఏడూ ముందు వరసలో నిలబడేవాణ్ణని, సూది ఒక లెక్కా అని సత్రంలో అందరికీ చెప్పాడట. తీరా సీసాలోకి నెత్తురు దిగడం చూసి కళ్ళు తేలేశాడట. పత్తి బేళ్ళు మోసే మనిషి, పక్క బల్ల మీద తన వంతు కోసం కూచున్న మా ఇంటాయన మీదికి ఒరిగిపోయాడు. మా ఇంటాయన సన్నటి మనిషి. ఆ బరువును పట్టుకుని, కదలకుండా, నర్సు వచ్చేదాకా కూచున్నాడట.

కళ్ళు తెరిచాక అన్న అడిగిన మొదటి మాట, ఎంతసేపు పట్టుకున్నావు అని. "సంవత్సరమున్నర," అన్నాడట మా ఇంటాయన. ఆ మాట తాను అనలేదని ఆయన ఇప్పటికీ అంటాడు. అన్నాడని అన్న అంటాడు. అన్న మాటే నేను నమ్ముతాను. ఆ సాయంత్రం ఇద్దరూ ఒకే ఆకులో మిక్చరు తింటూ వార్డుకు వచ్చారు.

ఆపరేషను రోజు పొద్దున్నే వళ్ళి వచ్చి నా తల దువ్వింది. ఆ రోజే ఆమెను తీసుకుపోవడానికి వాళ్ళ నాన్న వచ్చి వసారాలో మూట పక్కన నిలబడి ఉన్నాడు. ఆయన్ను నిలబెట్టి తొందర లేకుండా చిక్కులు తీసింది. రెండు జడలు బిగించి అల్లి, కొసలకు గుడ్డపీలికలు కట్టి, నా మొహం రెండు చేతుల్లో పట్టుకుని చూసింది. అరవంలో ఏదో అన్నది. మంగమ్మ దగ్గర లేదు. ఆ మాట ఏమిటో నాకు ఇప్పటికీ తెలియదు.

గదిలో ముక్కుకు ఏదో అడ్డం పెట్టి అంకెలు లెక్కపెట్టమన్నారు. తెలుగులోనే లెక్కపెట్టాను. పదకొండు దాకా గుర్తుంది.

తర్వాతి రెండు రోజుల గురించి ఎక్కువ చెప్పను. ఎడమవైపు చంక కింద నుంచి రొమ్ము కింద దాకా మంట. పక్కలోంచి రబ్బరు గొట్టం. అన్నిటికన్నా కష్టం దగ్గడం. ఊపిరితిత్తుల్లో కఫం ఆగకూడదని ఒక నర్సు గంట గంటకూ వచ్చి, గాయం మీద దిండు అదిమిపట్టి దగ్గమనేది. నేను దగ్గనని చేతులు జోడించేదాన్ని. ఆమె వదిలేది కాదు. నేను దగ్గితే తన కళ్ళల్లో కూడా నీళ్ళు తిరిగేవి. ఆ దిండు పట్టిన చేతులు నన్ను ఎంత కాపాడాయో తర్వాత తెలిసింది. మీలో ఎవరైనా ఆ ఆపరేషనుకు పోతే, దగ్గమన్నప్పుడు దగ్గండి.

ఐదో రోజు పొద్దున వెనకున్న దిండ్లు ఒక్కొక్కటే తీసేశారు. నేను భయపడి మంచం అంచు పట్టుకున్నాను. వెల్లకిలా పడుకున్నాను. ఎదమీద ఎవరూ కూచోలేదు. ఊపిరి లోపలికి పోయింది, బయటికి వచ్చింది, మళ్ళీ పోయింది. వెల్లకిలా పడుకుని పైకప్పును ఏడాదిన్నరగా నేను అలా చూడలేదు. మధ్యాహ్నం దాకా నిద్రపోయాను. మంగమ్మ మొహం కడగడానికి వచ్చి లేపబుద్ధి కాక వెళ్ళిపోయిందట.

తలుపు బాగా విచ్చుకుందనీ, విప్పినచోట కొంచెం కారుతుందనీ, దానితోనే బతకవచ్చనీ పెద్ద డాక్టరు చెప్పాడు. ఇంకొక కాన్పు మాత్రం వద్దన్నాడు. మా ఇంటాయన వెంటనే తల ఊపాడు. నేను నిదానంగా ఊపాను.

కుట్లు విప్పాక వసారాలో నడిపించేవారు. ఒక సాయంత్రం అన్న నా మోచెయ్యి పట్టుకుని నడిపిస్తున్నాడు. ఆరు నెలలకు వచ్చిన కోపం అప్పటికీ నా దగ్గరే ఉంది. బతికినందుకు దాన్ని వదిలేయాలేమో అనుకున్నాను గానీ చేతకాలేదు. "నాకన్నా సెప్పింటే బాగుంటాండెనన్నా," అన్నాను.

ఆయన నన్ను వసారా చివరి బెంచీ దాకా నడిపించి కూచోబెట్టాడు. "సెప్పితే దినామూ భయపడుతా బతుకుతావనుకుంటి," అన్నాడు. "నీ భయం కూడా నేనే పడితే సరిపోతాదిలే అనుకుంటి. పన్నెండేండ్లు పడితి రుక్కీ. సరిపోలేదు."

నా కోపం ఆ రోజే పోయిందని చెప్పలేను. కానీ ఆ పన్నెండేళ్ళూ నేను గెంతుతూ, కండెలు చుడుతూ, పెళ్ళిచీర చూసుకుని మురిసిపోతూ ఉంటే, ఈ మనిషి నా ఊపిరి లెక్కపెడుతూ ఉన్నాడని అప్పుడు తెలిసింది. చేసింది తప్పే. చేసినవాడు మా అన్నే.

చైత్రంలో ఇంటికి వచ్చాం. అత్త వీధి చివరి దాకా ఎదురు వచ్చింది, చంకలో జయ. నేను చేతులు చాచాను. జయ నన్ను చూసి, అత్త మెడ గట్టిగా పట్టుకుని మొహం తిప్పుకుంది. అత్త ఎంత బుజ్జగించినా రాలేదు. "మీ అమ్మే, సూడు," అంటే ఇంకా గట్టిగా ఏడ్చింది.

పదిహేను రోజులు రాలేదు. గుండె కోయించుకున్నప్పటి నొప్పికి మందు ఇచ్చారు, దీనికి లేదు. అత్తే ఒక ఉపాయం చేసింది. రోజూ అన్నం కలిపి గిన్నె నా ముందు పెట్టి, తాను పెరట్లోకి పోయి కూచునేది. జయ గడప దగ్గర నిలబడి, ఆకలికీ భయానికీ మధ్య ఊగుతూ ఉండేది. పదహారో రోజు ఆకలి గెలిచింది. ఒక ముద్ద తిని, నా పైట పక్కకు లాగి, ఎర్రటి మచ్చ మీద వేలు పెట్టి, "ఉవ్వా?" అన్నది. అవునన్నాను. ఊదింది. పెరట్లో అత్త ముక్కు చీదుకోవడం వినిపించింది.

ఇప్పుడు ఒక బిందె నీళ్ళు మోస్తాను. రెండు మొయ్యను. రోజూ కండెలు చుట్టి ఇస్తాను. కాళ్ళకు నీరు లేదు. వానాకాలంలో మచ్చ లాగుతుంది.

రాజధాని కర్నూలు నుంచి హైదరాబాదుకు పోతోందని మా ఇంటాయన పేపరు చదివి చెప్పిన రోజుల్లోనే, ఆదోని డాక్టరమ్మ రాసిన చీటీ పట్టుకుని ఒకామె మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది. ఆలూరు పక్క పల్లె, కూలి పని చేసుకునేవాళ్ళు, క్రైస్తవులు. పేరు రాహేలు. పెదవులు నల్లగా ఉన్నాయి. మా అరుగు మీద కూచోవడానికే మొహమాటపడింది. నేను లోపలికి తీసుకుపోయి మచ్చ చూపించాను. నొప్పి ఎంతో చెప్పాను, దగ్గు సంగతి చెప్పాను, వళ్ళి సంగతి కూడా దాచలేదు. ఆమె అన్నీ విని ఒక్కటే అడిగింది.

"రెండు నెల్లు ఇడిసిపెట్టి పోతే బిడ్డ మరిసిపోతాదా అక్కా?"

ఆమెకు ఏడాదిన్నర కూతురుంది, రూతు. మొగుడు నెత్తురు ఇవ్వడానికి వెంట పోవాలి, తల్లి లేదు, చూసుకునే దిక్కు లేదు. పోనంటున్నది అందుకే, కోతకు భయపడి కాదు.

"మరిసిపోతాది," అన్నాను. "మాది పదైదు దినాలు నా దగ్గరికి రాలేదు. నువ్వు ఉంటే మళ్ళా వస్తాది. బిడ్డను మా ఇంట్లో ఇడిసి పో."

అత్తను అడగకుండానే అనేశాను. అత్త వంటింట్లోంచి వింటూనే ఉంది. ఏమీ అనలేదు.

పోయిన వారం రాహేలు, ఆమె మొగుడు మద్రాసు బండి ఎక్కారు. మా అన్న స్టేషనులో దగ్గరుండి ఎక్కించి, సూది దిగేటప్పుడు సీసా వైపు చూడొద్దని ఆమె మొగుడికి చెప్పి పంపాడు. రూతు మా ఇంట్లో ఉంది. మొదటి రోజు అత్త రూతుకు వేరే గిన్నె తీసి, వసారాలో కూచోబెట్టి అన్నం పెట్టింది. అట్లా ఎందుకు పెట్టిందో నాకు తెలుసు, ఆమెకూ తెలుసు. వీధిలో కొందరు వచ్చి చూసి, అత్తతో చెవిలో మాట్లాడి పోయారు. నేను నోరు తెరవలేదు. నా బిడ్డను బతికించిన మనిషితో ఆ విషయం ఎలా మాట్లాడాలో నాకు తోచలేదు.

రాహేలుకు ఏది ఎక్కువో, అతుక్కున్నదో కారేదో, ఇంకా జాబు రాలేదు. రోజూ తపాలా వేళకు అరుగు మీద కూచుంటున్నాను. ఊరికే కూచుంటే చేతులు ఆడవని, మా ఇంటాయన తెచ్చిచ్చిన నోటు పుస్తకంలో ఇదంతా రాస్తున్నాను.

ఇవాళ మధ్యాహ్నం జయ తన గిన్నె ఎత్తుకుని వసారాలోకి పోయి రూతు పక్కన కూచుంది. నేను రాస్తూ తలెత్తి చూసేసరికి ఇద్దరూ ఒకే గిన్నెలో చేతులు పెట్టి తింటున్నారు. గిన్నె చిన్నది, అన్నం సగం నేలపాలవుతోంది. అత్త గడపలో నిలబడి చూస్తున్నది. చాలాసేపు చూసింది. తర్వాత ఇద్దరినీ చెరొక చంకన ఎత్తుకుని వంటింట్లోకి తీసుకుపోయి కూచోబెట్టి, అటక మీద నుంచి పెద్ద గిన్నె దించింది.